నిద్రలో బీపీ దిగుతోందా? పగటి రీడింగ్ చెప్పని సంగతి

ఈ రోజు మాట్లాడుకునే విషయం మీరు నిద్రపోయాక జరిగేది. అందుకే ఇన్నేళ్లుగా మీ ఒంట్లోనే జరుగుతున్నా మీరు ఎప్పుడూ చూసి ఉండరు. నిద్రలో బీపీ గురించి చెప్తాను.

బీపీ అనగానే మనకి గుర్తొచ్చేది ఏంటి? క్లినిక్‌కి వెళ్తాం, కుర్చీలో కూర్చుంటాం, చేతికి పట్టీ చుడతారు, గాలి కొడతారు, "120 బై 80, నార్మల్" అంటారు. హమ్మయ్య అనుకుని బయటికి వచ్చేస్తాం. ఆ రీడింగ్ అబద్ధం కాదు. కాకపోతే అది పగలు పదకొండింటికో సాయంత్రం ఆరింటికో, మీరు మెలకువగా ఉన్నప్పుడు, ఒక్క నిమిషంలో తీసిన కొలత. రోజుకి 24 గంటలు. అందులో ఏడెనిమిది గంటలు మనం పడుకునే ఉంటాం. ఆ గంటల్లో బీపీ ఎంత ఉందో ఆ ఒక్క నంబర్ చెప్పలేదు.

కాబట్టి ఇవాళ నేను చెప్పేది ఒక్కటే. పగలు బీపీ నార్మల్‌గా ఉందని రాత్రి కూడా నార్మల్‌గానే ఉంటుందని అనుకోవద్దు. కొంతమందికి అసలు సమస్య అంతా రాత్రే ఉంటుంది. ఆ కొంతమంది ఎవరు, ఎలా కనిపెట్టాలి, కనిపెట్టాక ఏం చేయాలి, వరసగా చూద్దాం.

ముందు మామూలుగా ఏం జరగాలో తెలుసుకుందాం. పగలంతా మన ఒంట్లో ఒక అలారం వ్యవస్థ ఆన్‌లో ఉంటుంది. దాన్ని సింపథెటిక్ నర్వస్ సిస్టమ్ అంటాం. మెట్లు ఎక్కినా, బాస్ ఫోన్ చేసినా, ట్రాఫిక్‌లో ఎవడైనా అడ్డం వచ్చినా అది గుండెని వేగంగా కొట్టిస్తుంది, రక్తనాళాలని బిగిస్తుంది. నిద్ర పట్టగానే ఈ అలారం సౌండ్ తగ్గుతుంది. నాళాలు వదులవుతాయి, గుండె నెమ్మదిస్తుంది, బీపీ దిగుతుంది. ఎంత దిగాలి? పగటి సగటు కన్నా 10 నుంచి 20 శాతం. అంటే పగలు పై నంబర్ సగటున 130 ఉన్న మనిషికి నిద్రలో 104 నుంచి 117 మధ్యకి రావాలి. దీన్నే డిప్పింగ్ అంటారు.

అందరికీ ఇలా దిగదు. 10 శాతం కన్నా తక్కువ దిగేవాళ్లని నాన్ డిప్పర్స్ అంటారు. ఐర్లండ్‌లో ఓబ్రయన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 1988లో లాన్సెట్ పత్రికలో ఈ రెండు రకాల మనుషుల గురించి రాశారు. రాత్రి బీపీ దిగనివాళ్లలో పక్షవాతం వచ్చినవాళ్లు ఎక్కువ మంది ఉన్నారని అప్పుడే గమనించారు. ఇంకో రకం కూడా ఉంది. వీళ్లకి రాత్రి బీపీ దిగడం మాట అటుంచి, పగటి కన్నా పైకి వెళ్తుంది. వీళ్లని రైజర్స్ అంటారు. అందరికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది వీళ్లే.

ఇక్కడ ఒక చిన్న విషయం కలిపి గుర్తుపెట్టుకోండి. ఎంత శాతం దిగింది అన్నది ఒకటి, చివరికి ఎంత దగ్గర ఆగింది అన్నది ఇంకొకటి. పగలు 170 ఉన్నాయన రాత్రి 150కి దిగాడనుకోండి. దిగడం దిగాడు, కానీ నిద్రలో 150 అంటే చాలా ఎక్కువ. యూరప్ గైడ్‌లైన్స్ ప్రకారం నిద్రలో సగటు 120 బై 70 గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే రాత్రి బీపీ ఎక్కువ ఉన్నట్టే. ఇందులో పై నంబర్ దాటినా, కింది నంబర్ దాటినా లెక్కలోకి వస్తుంది. పగలు మనం నార్మల్ అనుకునే 120 బై 80 నిద్రలో నార్మల్ కాదన్నమాట.

సరే, నిద్రలో కొంచెం ఎక్కువ ఉంటే ఏమవుతుంది? లెక్క వేద్దాం. నిద్రలో గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటుందనుకుందాం. ఎనిమిది గంటలకి 28,800 సార్లు. ప్రతి దెబ్బకీ ఎదురు ఒత్తిడి ఎక్కువ ఉంటే, అన్ని సార్లూ గుండె ఆ బరువుని నెట్టాల్సిందే. మనం పడుకున్నా దానికి విశ్రాంతి లేదు. రోజంతా మోటారు ఆన్‌లోనే ఉంచి, రాత్రి కూడా ఫుల్ లోడ్ మీద నడిపితే ఎన్నాళ్లు నడుస్తుంది?

జిమ్‌కి వెళ్లేవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బరువులు ఎత్తితే బైసెప్ లావవుతుంది కదా. గుండె కూడా కండరమే. రాత్రీ పగలూ బరువు మోస్తే ఎడమ జఠరిక గోడ మందంగా తయారవుతుంది. బైసెప్ లావైతే అద్దంలో చూసుకుని మురిసిపోతాం. గుండె గోడ మందమైతే మాత్రం నష్టం. గోడ బిరుసెక్కి, రెండు దెబ్బల మధ్య సరిగ్గా సాగలేదు, రక్తం నిండా నింపుకోలేదు. అది ఏళ్ల తరబడి సాగితే గుండె బలహీనపడటం, అంటే హార్ట్ ఫెయిల్యూర్ దాకా వెళ్తుంది. అదే ఒత్తిడి మెదడులో సన్నటి నాళాలనీ, కిడ్నీలో జల్లెడల్లాంటి నాళాలనీ కూడా అరగదీస్తుంది.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. జపాన్‌లో 6,359 మందికి 24 గంటల బీపీ తీసి కొన్నేళ్లు ఫాలో అయ్యారు. 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. నిద్రలో పై నంబర్ ప్రతి 20 పాయింట్లు పెరిగేకొద్దీ గుండె, రక్తనాళాల జబ్బుల రిస్క్ 18 శాతం, హార్ట్ ఫెయిల్యూర్ రిస్క్ 25 శాతం పెరిగింది. రాత్రి పైకి వెళ్లే రైజర్స్‌లో హార్ట్ ఫెయిల్యూర్ రిస్క్ రెండు రెట్లు దాటింది. స్పెయిన్‌లో ఇంకా పెద్ద ఎత్తున, 59,124 మంది వివరాలు చూశారు. 2023లో లాన్సెట్‌లో వచ్చింది. ఎవరు ముందు చనిపోయే ప్రమాదం ఉందో చెప్పడంలో, క్లినిక్‌లో తీసిన బీపీ కన్నా రాత్రి బీపీ ఎన్నో రెట్లు మెరుగ్గా పనిచేసింది.

ఇప్పుడు మీలో చాలామంది "సార్, నాకు 26 ఏళ్లే, ఇదంతా మా నాన్నకి చెప్పండి" అనుకుంటూ ఉంటారు. నాన్నగారి దగ్గరికి కూడా వస్తాను. ముందు మీ గురించే.

ఒకటి, గురక. మన ఇళ్లల్లో గురక పెడితే "ఎంత హాయిగా పడుకున్నాడో చూడు" అంటారు. గురక పెట్టే ప్రతివాళ్లకీ జబ్బు ఉందని కాదు. కానీ గట్టిగా గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి నిశ్శబ్దం, మళ్లీ ఉలిక్కిపడ్డట్టు పెద్ద శ్వాస, ఇలా ఉంటే అది హాయి కాదండి. గొంతు దగ్గర దారి మూసుకుపోయి శ్వాస ఆగుతోంది. స్లీప్ ఆప్నియా అంటాం. శ్వాస ఆగినప్పుడు రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి అలారం మోగిస్తుంది, బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. గంటకి 5 సార్లు దాటి ఇలా జరిగితే ఆప్నియా కిందే లెక్క, 30 దాటితే తీవ్రం. అంటే కొంతమందికి రెండు నిమిషాలకోసారి ఎవరో భుజం పట్టి కుదిపి లేపుతున్నట్టే. పొద్దున లేచాక వాళ్లకి ఇదేదీ గుర్తుండదు. తలనొప్పి, నోరు ఎండిపోవడం, మధ్యాహ్నం మీటింగ్‌లో కళ్లు మూతలు పడటం, అంతే. రాత్రి బీపీ దిగకపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

రెండు, నైట్ షిఫ్ట్. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, మాదాపూర్ వైపు రాత్రి రెండింటికి కూడా ఆఫీసుల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. అమెరికా టైమింగ్స్‌లో పనిచేసేవాళ్లు, హాస్పిటల్ స్టాఫ్, డెలివరీ చేసేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, వీళ్లంతా పగలు పడుకుంటారు. బీపీ దిగడం గడియారం కన్నా నిద్రనే ఎక్కువ అనుసరిస్తుంది. కాబట్టి పగలు పడుకున్నా దిగుతుంది. అయితే పగటి నిద్ర ఎలా ఉంటుందో మీకు తెలుసు. వెలుతురు, కాలింగ్ బెల్, పక్కింట్లో డ్రిల్లింగ్, కుక్కర్ విజిల్స్. నాలుగైదు ముక్కల నిద్రలో బీపీ దిగాల్సినంత దిగదు. వారానికోసారి షిఫ్ట్ మారేవాళ్లకి ఇంకా కష్టం, ఒంట్లో గడియారానికి ఏది రాత్రో తెలియకుండా పోతుంది.

మూడు, ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక టీస్పూను. వంటలో వేసింది, ఊరగాయలో ఉన్నది, చిప్స్‌లో ఉన్నది, అన్నీ కలిపి అంత. మన భోజనం తలుచుకోండి. పప్పులోకి అప్పడం, ఆవకాయ, చివర్లో పెరుగన్నంలో మళ్లీ ఊరగాయ ముక్క. రాత్రి పదకొండింటికి ఆర్డర్ పెట్టిన బిర్యానీ అయితే చెప్పక్కర్లేదు. ఈ ఉప్పుకీ రాత్రి బీపీకీ సంబంధం ఏంటంటే, కొంతమంది కిడ్నీలు పగలు తిన్న ఉప్పుని పగలే బయటికి పంపలేవు. మిగిలిన పని రాత్రికి పడుతుంది. ఎక్కువ ఒత్తిడితో తోస్తే తప్ప ఆ ఉప్పు బయటికి పోదు. అందుకని ఒళ్లు బీపీని దించకుండా పట్టి ఉంచుతుంది. జపాన్ డాక్టర్లు 1997లో ఒక మంచి విషయం చూపించారు. బీపీ ఉన్న నాన్ డిప్పర్స్‌కి ఉప్పు బాగా తగ్గించి పెడితే, రాత్రి బీపీ మళ్లీ దిగడం మొదలైంది. అంటే ఇది తలరాత కాదు, కొంతమందిలో మార్చగలిగేదే.

నాలుగు, మందు. ఆల్కహాల్ తాగితే నిద్ర తొందరగా పడుతుంది నిజమే. తర్వాత నిద్ర చెడుతుంది, గొంతు కండరాలు వదులై గురక పెరుగుతుంది, తెల్లవారుజామున బీపీ పైకి వస్తుంది. తరచూ వేసుకునే కొన్ని పెయిన్ కిల్లర్స్ కూడా ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయేలా చేసి బీపీ పెంచుతాయి.

మరి ఫోన్ సంగతి? ఫోన్ చూస్తే నేరుగా రాత్రి బీపీ జబ్బు వస్తుందని నేను చెప్పను. ఫోన్ తినేది మీ నిద్రని. ఇంకో రీల్, ఇంకో రీల్ అనుకుంటూ ఒంటిగంట అవుతుంది. పొద్దున ఆరింటికి అలారం. ఐదు గంటల నిద్ర అంటే గుండెకి తక్కువ ఒత్తిడిలో దొరికేది కూడా ఐదు గంటలే.

ఇప్పుడు నాన్నగారి దగ్గరికి, అమ్మ దగ్గరికి వద్దాం. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో బీపీని సర్దే నరాలు దెబ్బతిని రాత్రి బీపీ దిగదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఇది చాలా ఎక్కువ. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా కంట్రోల్ కానివాళ్లు, పగలు బీపీ బాగానే ఉన్నా ఎకోలో గుండె గోడ మందంగా ఉందని వచ్చినవాళ్లు, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేచేవాళ్లు, వీళ్లందరి విషయంలో రాత్రి బీపీ గురించి ఆలోచించాలి. మూత్రానికి లేవడం వయసు వల్లో ప్రోస్టేట్ వల్లో షుగర్ వల్లో కూడా కావచ్చు. కాకపోతే "వయసు మీద పడింది కదా" అని వదిలేసే ముందు ఒకసారి డాక్టర్‌కి చెప్పండి.

మన దేశంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతానికి, ఆడవాళ్లలో 21 శాతానికి బీపీ ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అది ఇళ్లకి వెళ్లి, మెలకువగా ఉన్నవాళ్లకి తీసిన బీపీ. నిద్రలో మాత్రమే పెరిగేవాళ్లు ఆ కొలతకి దొరకరు.

ఎలా కనిపెట్టాలి? అలారం పెట్టుకుని రాత్రి రెండింటికి లేచి బీపీ చూసుకుంటే సరిపోతుందా? సరిపోదండి. లేవగానే బీపీ పెరుగుతుంది, మీరు కొలిచేది మెలకువ బీపీ. పైగా నిద్ర పాడు. స్మార్ట్ వాచ్ సంగతి చెప్తాను. పట్టీ లేకుండా వెలుతురుతో అంచనా వేసే వాచీలు రోజురోజుకీ మెరుగవుతున్నాయి. అయినా ఆ నంబర్ చూసి జబ్బు ఉందనో లేదనో తేల్చొద్దని బీపీ నిపుణుల సంఘాలు చెప్తున్నాయి. వాచీ చూసి మాత్ర వేసుకోవద్దు, వాచీ చూసి మాత్ర ఆపొద్దు.

సరైన పరీక్ష పేరు ఏబీపీఎం. అంటే 24 గంటల బీపీ రికార్డింగ్. చేతికి పట్టీ, నడుముకి చిన్న మెషీన్ కట్టి ఇంటికి పంపిస్తారు. పగలు 15 నుంచి 30 నిమిషాలకోసారి, రాత్రి సాధారణంగా అరగంటకోసారి అదే గాలి ఎక్కించుకుని కొలుచుకుంటుంది. సూదులు లేవు, అడ్మిట్ అవ్వక్కర్లేదు. మీరు చేయాల్సింది కొంచెమే. పట్టీ బిగిసినప్పుడు చెయ్యి కదపకుండా ఉంచాలి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, మాత్రలు ఎప్పుడు వేసుకున్నారు, రాసి పెట్టాలి. ఆ రోజు తలస్నానం, ఒంటిస్నానం వాయిదా వేసుకోండి, మెషీన్ తడవకూడదు. రాత్రి పట్టీ బిగిసినప్పుడు ఒకటి రెండుసార్లు మెలకువ రావచ్చు. అసలు నిద్రే పట్టలేదు అంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, రిపోర్ట్ చదివేటప్పుడు అది లెక్కలోకి తీసుకోవాలి.

అందరికీ ఈ పరీక్ష అక్కర్లేదు. ఇందాక చెప్పిన లక్షణాలు ఉన్నవాళ్లు మాత్రం "సార్, ఏబీపీఎం చేయిస్తే మంచిదా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ వీడియో.

అందాకా ఇంట్లో మెషీన్ ఉంటే ఒక పని చేయొచ్చు. పొద్దున లేచిన గంటలోపు, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ, మాత్రలు వేసుకోకముందు, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు తీయండి. రాత్రి పడుకునే ముందు కూడా అలాగే. వారం రోజులు రాయండి. సగటు 135 బై 85 గానీ అంతకన్నా ఎక్కువగానీ వస్తే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పొద్దుటి రీడింగ్ ఒక్కటే పదే పదే ఎక్కువ వస్తుంటే, రాత్రి కూడా ఎక్కువ ఉందేమో అన్న అనుమానానికి అది చాలు.

రాత్రి బీపీ ఎక్కువ అని తేలితే? ముందు కారణం వెతకాలి. ఆప్నియా ఉంటే నిద్ర పరీక్ష, బరువు తగ్గడం, అవసరమైతే శ్వాసదారి తెరిచి ఉంచే సీప్యాప్ మెషీన్. ఉప్పు ఎక్కువైతే ఉప్పు తగ్గించడం, ముఖ్యంగా రాత్రి భోజనంలో. మాత్రలు కావాలా, ఏ మాత్రలు, ఎంత, అది డాక్టర్ నిర్ణయం.

ఇక్కడ ఒక హెచ్చరిక. "బీపీ మాత్ర పొద్దున కాదు, రాత్రి వేసుకోండి, గుండెపోటు రాదు" అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. 2019లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం రాత్రి వేసుకుంటే చాలా లాభం అంది, దాని మీద బోలెడు ప్రశ్నలు వచ్చాయి. తర్వాత బ్రిటన్‌లో 21,104 మందితో చేసిన పరీక్ష 2022లో వచ్చింది. పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో తేడా కనపడలేదు. కాబట్టి మర్చిపోకుండా రోజూ వేసుకునే టైమే మంచి టైమ్. మీ అంతట మీరు మార్చొద్దు. రాత్రి బీపీ మరీ పడిపోయినా ప్రమాదమే. పెద్దవాళ్లు చీకట్లో లేచి కళ్లు తిరిగి పడిపోవచ్చు, గ్లాకోమా ఉన్నవాళ్లకి కంటి నరానికి రక్తం తగ్గొచ్చు.

ఇంకొకటి. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవాల్సి రావడం, మూతి ఒక వైపుకి పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి కాలు పట్టు తప్పడం, ఇవి కనిపిస్తే వీడియోలు వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి.

చివరిగా, మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే ఈ రాత్రి చేయగలిగిన పని ఒకటి చెప్తాను. నాన్న గురక పెడతారా? ఆయనకి చెప్పి, పక్కన ఫోన్ పెట్టి ఓ పది నిమిషాలు ఆడియో రికార్డ్ చేయండి. మీకే గురక ఉందని రూమ్మేట్ విసుక్కుంటుంటే, వాడినే రికార్డ్ చేయమనండి. మధ్యలో నిశ్శబ్దం, ఆ తర్వాత ఉలిక్కిపడే శ్వాస వినిపిస్తే అది డాక్టర్‌కి వినిపించండి. పేషెంట్ తన గురక తను వినలేడు కాబట్టి, పక్కనున్నవాళ్ల మాటే మాకు పెద్ద ఆధారం.

ఈ వీడియో ఎవరికి పంపాలో మీకు ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. పంపండి. ఇప్పుడు టైం రాత్రి పదకొండు దాటి ఉంటే మాత్రం, పంపడం రేపు పొద్దున పెట్టుకోండి. ఫోన్ పక్కన పెట్టి పడుకోండి. మీ గుండె ఆ కాస్త విశ్రాంతి కోసమే ఎదురుచూస్తోంది. ఉంటానండి, నమస్తే.